ఇంగ్లీషోళ్ల ‘పక్కా’ మన పక్కానేనా? ఉడికిన ఇటుక చెప్పే కథ

గుణదల నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాట్సాప్ ఫొటో. మా బాబాయి కొడుకు ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో చదువుకుంటున్నాడు. ఓ రోజు అర్ధరాత్రి ఫొటో పెట్టాడు. చేతిలో పేపర్ ప్లేటు, దాని మీద మన కర్రీ పఫ్‌కి పెద్దన్నలాగా ఉన్న ఒక వస్తువు, కవరు మీద పెద్దక్షరాలతో ‘పక్కా పైస్’. కింద మెసేజ్: "అన్నయ్యా, ఇది మన పక్కానేనా? లేకపోతే వీళ్ల భాషలో ఇంకేదన్నా ఉందా?"

నాకూ డౌటొచ్చింది. స్పెల్లింగ్ చూస్తే పీ, యూ, కే, కే, ఏ. చదివితే ‘పుక్కా’ అనాలి. కానీ వాళ్లు ‘పక్క’ అనే అంటారంట. సరేనని తవ్వడం మొదలెట్టా. తవ్వితే ఆ మాట నన్ను లెస్టర్ నుంచి మచిలీపట్నానికి, అక్కణ్ణుంచి దివిసీమకి తీసుకెళ్లి, చివరికి మా ఇంటి వెనక కొండ దగ్గర వదిలిపెట్టింది. అందుకే దీనికి ఒక ఎపిసోడ్ మొత్తం ఇచ్చేస్తున్నా.

ముందు సూటిగా జవాబు. అవును, అది మన పక్కానే. ఇంగ్లీషు డిక్షనరీల్లో ఇది ఒక విశేషణం. దాని పక్కన ‘ఇన్‌ఫార్మల్’ అని ఉంటుంది, అంటే ఆఫీసు లెటర్లో రాయరు, ఫ్రెండ్స్‌తో వాడతారు. అర్థాలు రెండు. ఒకటి అసలైనది, నకిలీ కానిది. రెండోది సూపర్, అదిరింది. ఆ పైస్ కంపెనీ 1963లో లెస్టర్‌షైర్‌లోనే పుట్టింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దగ్గర, చేపల వేపుడు కొట్లలో బాగా అమ్ముడుపోయే సరుకు. తర్వాత 1999లో బీబీసీలో జేమీ ఆలివర్ అనే కుర్ర వంటగాడి షో వచ్చింది. రుచి చూసినప్పుడల్లా ‘పక్కా’ అనేవాడు. దాంతో ఆ మాట బ్రిటన్‌లో ఇంటింటికీ పాకిపోయింది.

ఇక్కడ తమాషా ఏంటంటే, ఆ వంటగాడు తెలిసో తెలియకో ఆ మాటని దాని పుట్టింటికే తీసుకెళ్లాడు. ఎందుకంటే పక్కా అంటే అసలు అర్థం ‘వండినది’.

సంస్కృతంలో ‘పచ్’ అనే ధాతువు ఉంది. వండటం, ఉడికించడం, పండించడం అని అర్థం. దాన్నుంచే ‘పక్వం’. ఉడికిన అన్నం పక్వం, పండిన మామిడి పక్వం. మనిషికి బుద్ధొస్తే పరిపక్వత. బెల్లం పాకం అదే కుటుంబం, పాకశాల అదే కుటుంబం. పక్వ, వట కలిసి పకోడీ అయింది. వాన పడుతున్నప్పుడు పకోడీల ప్లేటు ముందు పెట్టుకుని "రేపు పక్కా కలుద్దాం" అంటుంటారు కదా, ఆ వాక్యం కూడా ఆ ప్లేటు బంధువే అన్నమాట.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకా పెద్ద చుట్టరికం బయటపడుతుంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలభాషకి పిల్లలని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. ఆ మూలంలో వంటకి ఉన్న మాటే లాటిన్‌లో మారి, ఇంగ్లీషులోకి వచ్చి ‘కుక్’ అయింది, ‘కిచెన్’ అయింది. ‘బిస్కెట్’ అంటే రెండుసార్లు కాల్చింది అని. గ్రీకులో అదే మాట కడుపులోకి దిగింది, తిన్నది అరగడం అనే అర్థం తెచ్చుకుంది. ‘పెప్సిన్’ అనే జీర్ణరసం పేరు అలా వచ్చిందే, ‘డిస్పెప్సియా’ అనే అజీర్తి పేరూ అంతే. అమెరికాలో ఒక మందుల షాపాయన తన కూల్‌డ్రింక్‌కి 1898లో ‘పెప్సి కోలా’ అని పేరు పెట్టింది ఈ అరుగుదల మాట మీదే. కాబట్టి పెప్సి, బిస్కెట్, పకోడీ, పక్కా... నాలుగూ ఒకే ముత్తవ్వ మనవలు. ఇది మా ఫ్రెండ్స్‌కి చెప్తే ఎవరూ నమ్మలేదు. డిక్షనరీ తీసి చూపించాల్సొచ్చింది.

సరే. వండినది అనే మాట గట్టిది, నిజమైనది అని ఎలా మారింది?

సమాధానం ఇటుకలో ఉంది. కృష్ణా జిల్లా రోడ్ల మీద తిరిగినవాళ్లు ఇటుక బట్టీ చూసే ఉంటారు. అచ్చులోంచి తీసి ఎండబెట్టినదాన్ని అక్కడ పనివాళ్లు ‘పచ్చి ఇటుక’ అంటారు. చూడ్డానికి ఇటుకే. కానీ ఒక్క వాన గట్టిగా కొడితే మళ్లీ బురదే. బట్టీలో పేర్చి రోజుల తరబడి కాలిస్తే అది ఎర్రగా మారి, ఇక నీళ్లకి కరగదు. హిందుస్తానీలో కాలని ఇటుక కచ్చా, కాలిన ఇటుక పక్కా. అంటే ఉడకనిది, ఉడికినది. ఆ కాలిన ఇటుకలతో సున్నం కలిపి కట్టిన ఇల్లు పక్కా ఇల్లు. మట్టి గోడ, తాటాకు కప్పు ఉంటే కచ్చా ఇల్లు. అలా మాట వంటింట్లోంచి బయటికొచ్చి మొత్తం ఇల్లే ఎక్కేసింది.

ఒక చిన్న పక్కదారి. తెలుగులో గుడిసెని ‘పాక’ అంటాం కదా. పశువుల పాక, పూరిపాక. వినడానికి పక్కాకి అన్నలాగా ఉంటుంది, అర్థం మాత్రం పూర్తిగా ఎదురు. ఇంకోటి, ‘కచ్చితంగా’ అంటే పక్కాగా అని. ‘కచ్చా’ అంటే పక్కా కానిది. కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్లకి పిచ్చెక్కకుండా ఎలా ఉంటుంది చెప్పండి!

ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్ల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వ్యాపారం మొదలెట్టింది 1611లో. అప్పుడది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. 1673లో జాన్ ఫ్రయర్ అనే కంపెనీ డాక్టరు ఓడ దిగి మచిలీపట్నం చూశాడు, తర్వాత మద్రాసు, తర్వాత పడమటి తీరం. ఆయన ప్రయాణాల పుస్తకం 1698లో అచ్చయింది. అందులో తూకాల గురించి రాస్తూ, ఆగ్రాలో ‘పక్కా మణుగు’ సూరత్ మణుగుకి రెట్టింపు ఉంటుందని చెప్పాడు. అంటే ఆ కాలానికే పక్కా అనే మాట ఇల్లు దాటి బజారుకొచ్చింది. పక్కా తూకం అంటే నిండు తూకం, కచ్చా తూకం అంటే తక్కువ తూకం. సరుకు కొనడానికొచ్చిన విదేశీయుడు మొదట నేర్చుకోవాల్సిన మాటల్లో ఇదొకటి. తెలియకపోతే డబ్బులు పోతాయి మరి.

ఈ తేడా బజార్లో ఇప్పటికీ బతికే ఉంది. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టుకి వెళ్లండి. "కచ్చా బిల్లు ఇవ్వనా, పక్కా బిల్లు ఇవ్వనా? పక్కా బిల్లంటే జీఎస్టీ పడుద్ది" అంటారు. 350 ఏళ్ల నాటి మాట, కౌంటర్ మీద కాలిక్యులేటర్ పక్కనే.

ఇంగ్లీషువాళ్లు స్పెల్లింగ్‌లో ‘యూ’ ఎందుకు పెట్టారన్నది మా తమ్ముడి రెండో ప్రశ్న. వాళ్ల ‘కట్’, ‘బట్’ అనే మాటల్లో రాసేది యూ, పలికేది మన ‘అ’కి దగ్గర. కాబట్టి మన పొట్టి ‘అ’ వినిపించినచోటల్లా యూ రాసేశారు. పంజాబ్‌కి యూ అలా వచ్చింది, బంగళాకీ అలాగే, జగన్నాథుడి పేరు ‘జగ్గర్‌నాట్’ అయినప్పుడూ అంతే. పక్కాకీ అదే గతి.

1886లో ‘హాబ్సన్ జాబ్సన్’ అనే పెద్ద నిఘంటువు వచ్చింది. ఇండియాలో ఇంగ్లీషువాళ్లు వాడే దేశీ మాటలన్నీ పోగేసిన పుస్తకం. రాసింది హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్. బర్నెల్ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉద్యోగం చేసినవాడు, పుస్తకం రాకముందే 1882లో పోయాడు. అందులో కచ్చా, పక్కా జంట ఎక్కడెక్కడ వాడతారో వరసగా చెప్పారు. ఇటుక, ఇల్లు, రోడ్డు, తూకం సరే. టెంపరరీ పోస్టు కచ్చా, పర్మనెంట్ పోస్టు పక్కా. రంగు వెలిసిపోతే కచ్చా, నిలిస్తే పక్కా. ఆఖరికి వెధవల్లో కూడా కచ్చా వెధవ, పక్కా వెధవ అని రెండు రకాలు పెట్టారు. మొదటివాడు చేతకాని మోసగాడు, రెండోవాడు పనితనం తెలిసినవాడు.

ఇక్కడ మన తెలుగుది ఇంకో దారి. మనం ‘పక్కా దొంగ’ అంటాం, ‘పచ్చి అబద్ధం’, ‘పచ్చి మోసం’ అని కూడా అంటాం. పచ్చి అంటే ఉడకనిది కదా, అయినా దాంతోనే గట్టిగా చెప్తాం. ఉడికినా ఉడక్కపోయినా మోసం మోసమే అని మనవాళ్ల లెక్క కాబోలు.

నవ్వుకున్నాం కదా. ఇక్కణ్ణుంచి మాట కొంచెం చేదవుతుంది.

రోడ్లకి, ఇటుకలకి వాడిన మాటని ఇంగ్లీషువాళ్లు మెల్లగా మనుషులకి తగిలించారు. ‘పక్కా సాహిబ్’ అన్నారు. అంటే అసలు సిసలు దొర. పుట్టుక, చదువు, నడక, కోపం అన్నీ దొరకి తగ్గట్టు ఉండాలి. మరి ఎవడు పక్కా కాదు? ఇక్కడి వాళ్లు ఎలాగూ లెక్కలో లేరు. తల్లో తండ్రో ఈ దేశం వాళ్లయిన ఆంగ్లో ఇండియన్లు ఇంగ్లీషు మాట్లాడినా, చర్చికెళ్లినా, సూటు వేసుకున్నా పక్కా కాదు. బెజవాడ రైల్వే కాలనీల్లో అలాంటి కుటుంబాలు చాలానే ఉండేవి. రైళ్లు నడిపింది వాళ్లు, క్లబ్బుల్లో కుర్చీ మాత్రం వేరేవాళ్లకి. బీహార్‌లోని మోతీహారిలో పుట్టి, బర్మాలో పోలీసు ఉద్యోగం చేసిన జార్జ్ ఆర్వెల్ 1934లో ‘బర్మీస్ డేస్’ నవల వేశాడు. పక్కా సాహిబ్‌లా కనపడాలనే ఒత్తిడి ఒక మనిషిని లోపల్నుంచి ఎలా తినేస్తుందో దాంట్లో చూపించాడు. మనిషిని పక్కా, కచ్చా అని విడగొట్టడం అంటే మనిషిని బట్టీలో పెట్టి చూడటమే.

1947 తర్వాత దొరలు వెళ్లిపోయారు, మాటని పెట్టెలో పెట్టుకుని మరీ వెళ్లారు. ‘కుషీ’ అనే ఇంకో మాట కూడా అలాగే వెళ్లింది. సుఖంగా, కష్టపడక్కర్లేకుండా ఉండే ఉద్యోగాన్ని ఇంగ్లీషులో ‘కుషీ జాబ్’ అంటారు. అది మన ఖుషీయే, సిపాయిల నోటి మీదుగా పోయింది. లండన్‌లో తర్వాతి తరాల కుర్రాళ్ల చేతిలో పక్కాకి ఉన్న దొరతనం ఊడిపోయి, ‘సూపర్’ అనే అర్థం మాత్రం మిగిలింది. అందుకే డిక్షనరీలో ఇన్‌ఫార్మల్ అని ఉంటుంది.

మరి ఇక్కడ? ఇక్కడ అది ఇన్‌ఫార్మలే కాదు. సినిమా పేరు ‘పక్కా కమర్షియల్’ దాకా సరదా మాటే, ఒప్పుకుంటా. కానీ అదే మాట గవర్నమెంటు ఫారంలో కూడా ఉంది.

మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర పల్లె. గుణదల నుంచి బస్సులో రెండు గంటల పైమాటే. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, మధ్యలో ఉండే నేల దివిసీమ. 1977 నవంబర్ 19న అక్కడికి తుఫాను వచ్చింది, దాని వెనకే ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కే దాదాపు 10 వేల మంది చనిపోయారని. ఆ రోజుల్లో పల్లెల్లో ఎక్కువ ఇళ్లు మట్టిగోడలు, తాటాకు కప్పులు. అమ్మమ్మ ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేది కాదు. ఒక్కటి మాత్రం చెప్పేది. వాళ్ల వీధిలో డాబా ఒకటే ఉందట. రోజూ ఆ గుమ్మం తొక్కనివ్వని ఆసామి, ఆ రాత్రి తనే తలుపు తీసి, ఎవరేంటని అడక్కుండా అందర్నీ మెట్ల మీదకి తోశాడంట. "పైకెక్కినోళ్లం ఉన్నాం, పాకల్లో ఉన్నోళ్లు పోయారు" అనేది. అంతే. ఇంకేం అడిగినా లేచి లోపలికెళ్లిపోయేది.

ఆ మాటని ఇప్పుడు మళ్లీ చూడండి. కాలిన ఇటుక నీళ్లకి కరగదు, కాలనిది కరుగుతుంది. బట్టీ దగ్గర చెప్పుకున్న ఆ తేడాయే, ఆ రాత్రి ఎవరుంటారు ఎవరు పోతారు అన్న తేడా అయింది. తుఫాను తర్వాత తీరం వెంబడి ఎత్తుగా కాంక్రీటు షెల్టర్లు కట్టారు. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. అప్పట్నుంచి ‘పేదలకు పక్కా ఇళ్లు’ అనే మాట లేని ఎన్నిక మన దగ్గర దాదాపు లేదు. ఇంగ్లండ్‌లో పక్కా అంటే రుచి. దివిసీమలో పక్కా అంటే తెల్లారేదాకా నిలబడే గోడ.

కానీ ఫారంలోకి ఎక్కిన మాట అక్కడ ఊరికే ఉండదు, లెక్కలు మొదలవుతాయి. జనాభా లెక్కల్లో గోడ, కప్పు దేంతో కట్టారో చూసి ఇల్లు పక్కానా, సగం పక్కానా, కచ్చానా అని తేలుస్తారు. ఆ లెక్కలో సిమెంటు రేకుల కప్పు కూడా శాశ్వతమే. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద కూర్చున్నవాళ్లకి పక్వం అనే మాట వేరే రకంగా అర్థమవుద్ది! కేంద్రం పట్టణ ఆవాస్ యోజనలో ఇల్లు కావాలంటే, దేశంలో ఎక్కడా ఆ కుటుంబం పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు. రూల్‌గా సబబే. కానీ అప్పుచేసి కప్పు మార్చుకున్నవాడు ఇరుక్కునేది అక్కడే. మా వీధి చివర ఒకామె, ఇడ్లీ బండి మీద బతికే మనిషి, పిల్ల పెళ్లికి ముందు ఇటుక గోడ కట్టించి రేకులు వేయించుకుంది. తర్వాత సర్వేకొచ్చినాయన ఒక్క చూపు చూసి "పక్కా" అని రాసుకుపోయాడు. ఆమె నన్నడిగింది, "ఆ ఒక్క మాటకి నాకేం పోయింది బాబూ?" అని. నాకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకో ముడి ఉంది, అది మా గుణదల ముడి. ఏలూరు రోడ్డు, పక్కన కాలువ, ఎదురుగా కొండ. 1924లో ఫాదర్ ఆర్లాటి ఆ కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టినప్పట్నుంచి ఏటా ఫిబ్రవరి 11 తిరునాళ్లకి రాష్ట్రం నలుమూలల నుంచి జనం వస్తారు. మెట్లెక్కి పైనుంచి చూస్తే కనపడేది విజయవాడ కొండలన్నిటి మీదా ఎక్కుతూ పోయిన ఇళ్లు. కూలికొచ్చినవాళ్లు, రిక్షా తొక్కినవాళ్లు, ఊళ్లో కొనలేక కొండని కొంచెం చెక్కి కట్టుకున్నవాళ్లు. ఇటుక, సిమెంటు, స్లాబు, రంగు... అన్ని లెక్కల్లో పక్కా. చేతిలో కాగితం మాత్రం చాలామందికి కచ్చా. పట్టా ఉండదు, ఉన్నా దాని మీద బ్యాంకు అప్పివ్వదు.

2024 ఆగస్టు 31న మాకు పక్కనే ఉన్న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి. అవి గుడిసెలు కాదు, పక్కా ఇళ్లే. మర్నాటికి బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగింది. అక్కడా పక్కా ఇళ్లే, ఒకటో అంతస్తు దాకా నీళ్లు. ఇల్లు కరగలేదు నిజమే. టీవీ, ఫ్రిజ్, పుస్తకాలు, బండి, బియ్యం అన్నీ కరిగాయి. మా ఫ్రెండ్ ఒకడు మూడు రోజులు మేడ మీదే ఉండి ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. మా అమ్మమ్మ కాలంలో ఇటుక కాలితే చాలు. మన కాలంలో ఇల్లు ఏ కొండ కింద ఉంది, ఏ వాగు దారిలో ఉంది, కాగితం ఎవరి పేరు మీద ఉంది... ఇవన్నీ కాలాలి. గోడల్ని మాత్రమే చూసే డెఫినిషన్ పాతబడిపోయిందని నేననుకుంటున్నా. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇడ్లీ బండి ఆవిడకి చివరికి ఏం చెప్పానంటారా? ఆ మాటకి అసలు అర్థం వండటం అని చెప్పా. ఆమె నవ్వింది. "వండటమే కదా నేను పొద్దున నాలుగింటికి లేచి చేసేది, మరి నేను పక్కానా కచ్చానా?" అంది. తర్వాత ఇద్దరం కూర్చుని సర్వే మీద అభ్యంతరం చెప్పే అర్జీ రాశాం. కప్పు రేకులు, స్థలానికి పట్టా లేదు, వెనక కొండ అని మూడూ విడివిడిగా రాశాం. ఇచ్చి వచ్చాం. రసీదు ఇచ్చారు.

మా తమ్ముడికి కూడా వాయిస్ మెసేజ్ పెట్టా, మొత్తం కథ, పదకొండు నిమిషాలు. వాడి రిప్లై: "అన్నయ్యా, పై మాత్రం లోపల సరిగ్గా ఉడకలేదు."

సరే ఫ్రెండ్స్, మీ ఊళ్లో పక్కా ఇంటిని ఏమంటారు? డాబానా, మేడా, మిద్దెనా? మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి నాకు చెప్పండి, ఒక్కో జిల్లా మాట ఒక్కోలా ఉంది, అవన్నీ పోగేస్తున్నా. ఉంటా మరి.